ఇరవై మూడో బిళ్ళ

జగదీశ్వర్‌కు కోపం ముక్కు మీదే ఉంటుందని సర్వే ఆఫీసులో అందరికీ తెలుసు. గనుల ప్లాన్లను ట్రేసింగ్ కాగితం మీదికి ఎక్కించే ట్రేసర్ అతను. పక్క బల్ల మీద గీసేవాడు వెంట్రుకవాసి తేడా చేసినా ఊరుకోడు. అలాంటి మనిషి మూడేళ్ళపాటు డ్యూటీ దిగాక కూర్చుని గీసిన బొమ్మల కథను, ఎవరో అట్ట నుంచి అట్ట దాకా ఇంటర్నెట్‌లో పెట్టేశారు. ఆ మాట అతనికి చెప్పింది ఆ పుస్తకాన్ని అచ్చువేసిన హైదరాబాద్ ప్రచురణకర్తే.

"మీ పుస్తకాన్ని నెట్‌లో పన్నెండు వేల మంది దించుకున్నారండీ. కొన్నవాళ్ళు నాలుగు వందల మంది కూడా లేరు. రెండో భాగం వేసి, దాన్నీ ఊరికే పంచిపెట్టమంటారా?" అన్నాడాయన ఫోన్లో. "అసలు అది ఎవరి చేతి నుంచి బయటికి పోయిందో తేల్చండి. పేరుతో సహా ఫిర్యాదు రాసి, సంతకం పెట్టి పంపండి. మా వకీలు చూసుకుంటాడు. రెండో భాగం మాట ఆ తర్వాత."

పుస్తకం పేరు 'దీపం నంబరు 412'. గోదావరిఖనిలో పుట్టినవాళ్ళకు ఆ పేరు వివరించనక్కర్లేదు గానీ, బయటివాళ్ళకు చెప్పాలి. భూగర్భ గనిలోకి దిగే ప్రతి కార్మికుడికీ నంబరు కొట్టిన లోహపు బిళ్ళ ఒకటి ఉంటుంది. దిగేముందు లాంపు రూములో బిళ్ళ ఇచ్చి తలదీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం అప్పజెప్పి బిళ్ళ తీసుకుంటాడు. షిఫ్టు అయ్యాక కూడా ఏదైనా బిళ్ళ మేకుకు వేలాడుతోందంటే, ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. ఇంకో నియమం కూడా ఉంది. జేబులో బీడీలు, అగ్గిపెట్టె ఉంటే పైనే ఇచ్చేసి, చేతులెత్తి ఒళ్ళు తడిమించుకుని మరీ దిగాలి. లోపల ఒక్క నిప్పురవ్వ చాలు, ఎందరి ప్రాణాలో పోతాయి.

జగదీశ్వర్ కథలో పోశం అనే కార్మికుడు మొదటి షిఫ్టుకు దిగుతాడు. షిఫ్టు అయిపోతుంది, అందరూ పైకొస్తారు. చివరి పేజీ నిండా ఒక్కటే బొమ్మ, మేకుకు వేలాడుతున్న 412 బిళ్ళ. మొదటి భాగం అక్కడితో సరి. పోశం పైకి వచ్చాడా లేదా అన్నది రెండో భాగంలో ఉంది. ఆ అరవై నాలుగు బొమ్మల కాగితాలూ ఇంట్లో రేకు పెట్టెలో సిద్ధంగా ఉన్నాయి. వాటిని అచ్చులో చూసుకోవడం తప్ప జగదీశ్వర్‌కు ఇప్పుడు వేరే కోరిక లేదు. కూరగాయల మార్కెట్లో, షేర్ ఆటోలో, ఆఖరికి దవాఖానలో మందుల లైన్లో కూడా "పోశం పైకొస్తడా అన్నా?" అని అడిగేవాళ్ళే. "పుస్తకం రానియ్యి" అని గర్వంగా నవ్వేవాడు. ఆ నవ్వు ఇప్పుడు పోయింది.

అది సకల జనుల సమ్మె జరిగిన మరుసటి ఏడాది, ఫిబ్రవరి నెల. ఆదివారం పొద్దున్నే నెట్ సెంటర్‌లో కూర్చుని ఒక్కో పేజీ తెరిచి చూశాడు. తన బొమ్మలు, తన చేతిరాత. కింద ఎవరెవరో రాసిన మాటలు: "థాంక్స్", "సూపర్", "పార్ట్ టూ ఉంటే లింక్ పెట్టండి." లింకు పెట్టాలట, వీళ్ళ తాతల సొమ్మయినట్టు. పళ్ళు కొరుకుతూ ముప్పై ఏడో పేజీకి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. పేజీ మూలన ఊదారంగు ముద్ర ఉంది.

గ్రంథాలయాల్లో ఒక పద్ధతి ఉంది. మొదటి పేజీ మీద వేసే ముద్ర అందరికీ కనిపిస్తుంది. దొంగిలించినవాడు ఆ పేజీ చింపేస్తే పుస్తకం ఎవరిదో తెలియదు. అందుకని లోపల, తమకు మాత్రమే తెలిసిన ఒక పేజీలో, ఇంకో ముద్ర వేస్తారు. స్కాన్ చేసినవాళ్ళు ఆ పేజీని కూడా వదల్లేదు. ముద్రలో అక్షరాలు తేటగా ఉన్నాయి: దీప్తి ప్రజా గ్రంథాలయం, గోదావరిఖని.

తన ఊరు, తన గ్రంథాలయం. పైగా ఆ ప్రతిని, పుస్తకం వచ్చిన రోజునే, తన చేత్తో తీసుకెళ్ళి ఇచ్చాడు. ఆ పేజీని ప్రింటు తీయించుకుని నేరుగా అక్కడికే నడిచాడు.

దీప్తి గ్రంథాలయం రెండు గదుల రేకుల ఇల్లు. ఒకప్పుడు కార్మికులు తలా ఇంత వేసుకుని కట్టుకున్నారు. ఇప్పుడు జిల్లా నుంచి వచ్చే గ్రాంటు మీద నడుస్తోంది. దగ్గరి ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు కోసం బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా బీరువాల అద్దాలు గలగలమంటాయి, చదివేవాళ్ళు మాత్రం తలెత్తరు. అక్కడ పనిచేసే సంతోషి, లాంపు రూములో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన సదయ్య కూతురు. తండ్రి పద్ధతినే తెచ్చి ఇక్కడ పెట్టింది. ప్రతి పాఠకుడికీ నంబరు కొట్టిన అల్యూమినియం బిళ్ళ ఉంటుంది. బిళ్ళ ఇచ్చి పుస్తకం పట్టుకుపోవాలి, పుస్తకం ఇచ్చి బిళ్ళ తీసుకుపోవాలి. ఆమె కుర్చీ వెనక గోడకు ఒక పలక, పలక నిండా మేకులు. బిళ్ళలన్నీ సదయ్య రేకు కత్తిరించి చేసినవే.

జగదీశ్వర్ కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది ఎవ్వలి ముద్ర చెల్లె?"

సంతోషి చూసింది. "మనదే అన్నా."

"నా పుస్తకం నెట్ల పెట్టిన దొంగెవడో నాకు గావాలె. ఎవరెవరు తీస్కపోయిన్రో ఆ రిజిస్టర్ ఇటియ్యి."

"రిజిస్టర్ ఎందుకన్నా. స్కాన్ చేయించింది నేనే."

అతను అరవడానికి ఊపిరి తీసుకున్నాడు. చదువుకుంటున్న నలుగురూ తలలెత్తి చూశారు. బ్లాస్టింగుకు ఎత్తని తలలు అవి. దాంతో గొంతు తగ్గించుకోవాల్సి వచ్చింది.

"నీకేమన్న బుద్ధున్నదా? నేను నీకేం అన్యాలం జేసిన?"

"కూసో అన్నా. అంతా చెప్త. చెప్పినంక నువ్వేమన్నా పడత."

చెప్పింది. సమ్మె రోజుల్లో గనులు బంద్. చేతిలో పని లేని మగవాళ్ళంతా గ్రంథాలయానికే వచ్చారు. పోశం కథ ఉన్నది ఒక్క ప్రతి, దాని కోసం కాచుకున్నవాళ్ళు డెబ్బై మంది. గోలేటి నుంచి, రామకృష్ణాపూర్ నుంచి ఫోన్లు వచ్చేవి. బస్సులు లేవు, పుస్తకం పంపే దారి లేదు. గల్ఫ్‌లో ఉన్న ఈ ఊరివాళ్ళు కూడా ఇంటివాళ్ళ నోట విని మెయిలు రాశారు. అప్పుడు సంతోషి పుస్తకాన్ని స్కాన్ చేయించింది. చేయించి నెట్‌లో పెట్టలేదు, ఒక్క మనిషికి మెయిల్లో పంపింది. అతనికి మెయిలువాళ్ళ వరసలో ఒక నంబరు ఇచ్చి, ఆ నంబరు బిళ్ళను గోడకు తగిలించింది. మూడు రోజుల్లో అతను చదివి, ఫైలు తీసేసి, 'వాపస్ ఇచ్చిన' అని జవాబు రాయాలి. ఆ జవాబు వచ్చాకే బిళ్ళ దించి తర్వాతి మనిషికి పంపేది.

జగదీశ్వర్ నోరు తెరుచుకుని విన్నాడు. కోపంలో కూడా నవ్వొచ్చేలా ఉంది.

"ఫైలు వాపస్ ఇచ్చుడేంది చెల్లె? ఇచ్చిన అన్నా గుడ వాని కాడ ఉండనే ఉంటది."

"తీసేస్తమన్నరు. నమ్మిన." సంతోషి తలవంచుకుంది. "పుస్తకం తీస్కపోయేటోళ్ళు గుడ పైసలియ్యరు గదన్నా. గది తప్పు గాదంటే గిది గుడ గాదనుకున్న. ఒకలి చేతుల ఉన్నప్పుడు ఇంకొకలి చేతుల ఉండొద్దు, గంతే గద మన పద్ధతి. ఇరవై రెండు మంది వాపస్ ఇచ్చిన్రు. ఒక్కలు గుడ తప్పలే."

"ఇరవై మూడు?"

ఆమె పలక మీద అన్నిటికన్నా కింది మేకును చూపించింది. ఒంటరిగా ఒక బిళ్ళ వేలాడుతోంది. "గా మనిషి జవాబియ్యలే. రెండు నెలల సంది రాస్తున్న. ఇరవై నాలుగో ఆమెకు నేను ఇయ్యనే లేదు. గా దీపం వచ్చిందా బిడ్డా అని మా నాయన రోజు అడుగుతడు. నెట్ల వచ్చిన సంగతి మొన్ననే ఎర్కయింది. మీ ఇంటి దాక వచ్చి, గేటు కాడికెల్లి తిరిగిపోయిన. భయమైంది."

రిజిస్టర్ అతని ముందుకు జరిపింది. చివరి వరస: 'ఇరవై మూడు. ఎల్లన్న, షార్జా.' పక్కన మెయిలు అడ్రసు.

జగదీశ్వర్ ఆ పేరు రెండుసార్లు చదివాడు. షార్జాలో ఎల్లన్నలు ఎందరో ఉండొచ్చు. కానీ మెయిలు అడ్రసులో ఇంటిపేరు కూడా ఉంది. అది అతని అత్తవారి ఇంటిపేరు. ఎల్లన్న అతని భార్య శోభకు సొంత తమ్ముడు. దొంగ దొరికాడు, వాడు తన బామ్మర్ది.

సంతోషికి ఆ చుట్టరికం తెలియదు. "ఫిర్యాదు ఇయ్యాల్సి వస్తే నా పేరే రాయి అన్నా. ముద్ర మాది, చేసింది నేను" అంది. తన ఉద్యోగం పోతుందని, గ్రాంటు ఆగితే ఈ తలుపులకు తాళం పడుతుందని ఆమెకు తెలుసు.

జగదీశ్వర్ రిజిస్టర్ మూసి, "నా పుస్తకం ఒకపారి ఇటియ్యి" అన్నాడు.

అచ్చయి ఏడాదిన్నర కాలేదు, అప్పుడే వీపుకు నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంది. వెనక అట్ట లోపల తేదీల చీటీ మీద చోటు చాలక దాని మీద ఇంకో చీటీ, దాని మీద ఇంకోటి అతికించారు. పేజీల మూలలు నల్లబడ్డాయి. ఎంత సబ్బు రుద్దినా గోళ్ళ సందుల్లోంచి పోని బొగ్గు అది. పదకొండో పేజీలో, గని కప్పును మోసే గుంజల బొమ్మ పక్కన, పెన్సిలుతో పెద్ద పెద్ద అక్షరాలు: 'తమ్మీ, గుంజ గిట్ల పెడితే నిలువది. పైన చెక్క ఆనాలె. రాయమల్లు, టింబర్‌మన్.'

పుస్తకం మీద రాసినందుకు ముందు చిరాకేసింది. తర్వాత బొమ్మను తేరిపార చూశాడు. రాయమల్లు చెప్పింది నిజమే. గనుల ప్లాన్లు గీసీ గీసీ తనకు అంతా తెలుసనుకున్నాడు గానీ, ప్లాన్‌లో గుంజ అంటే ఒక చుక్క. దాని కింద నిలబడి పనిచేసినవాడికి కదా తెలిసేది. చివరి పేజీకి వెళ్ళాడు. 412 బిళ్ళ బొమ్మ కింద, సన్నటి అక్షరాల్లో ఎవరో ఆడమనిషి రాసింది: 'మా ఆయిన గుడ గిట్లనే రాలేదు. పోశంను పైకి తేండ్రి.' పేరు రాయలేదు.

నెట్‌లో దించుకున్న పన్నెండు వేల మంది ఎవరో, ఎక్కడున్నారో, అసలు చదివారో లేదో అతనికి తెలియదు. ఇక్కడ మాత్రం ఎవరి వేళ్ళు ఎక్కడ ఆగాయో తెలుస్తోంది. పుస్తకం బల్ల మీద పెట్టి, బయటికి వచ్చేశాడు.

ఇంటికి వస్తూ షేర్ ఆటోలో తనతో తానే వాదించుకున్నాడు. అక్కడా ఊరికే, ఇక్కడా ఊరికే, మరి తేడా ఏమిటి? ఇచ్చినది తిరిగి రావాలని ఎదురుచూసే మనిషి ఇక్కడ ఒకరున్నారు, అక్కడ లేరు. అంతవరకు బాగానే తోచింది. ఆ వెంటనే ఇంకో సంగతి గుర్తొచ్చి ఇబ్బంది పెట్టింది. ఎనిమిదో తరగతిలో తాను ఇదే గ్రంథాలయంలో బొమ్మల పుస్తకాల మీద నూనె రాసిన కాగితం పెట్టి, కింది గీతలు కనబడుతుంటే పెన్సిలుతో దిద్దుకుని ఇంటికి పట్టుకుపోయేవాడు. చెయ్యి కుదిరింది అక్కడే, ట్రేసర్ ఉద్యోగం వచ్చింది ఆ చేతితోనే. ఆ బొమ్మలు గీసినవాళ్ళను తానేమైనా అడిగాడా? అప్పుడు ఎవరూ దొంగ అనలేదు. పైగా, అప్పట్లో డ్యూటీ దిగాక గ్రంథాలయం చూసుకునే సదయ్య ఇంకో కాగితం తెచ్చి ఇచ్చాడు. ఈ ఆలోచన అతనికి ఏమాత్రం నచ్చలేదు, కానీ వదిలిపెట్టలేదు.

ఇంటికి రాగానే శోభను అడిగాడు. "ఎల్లనికి లైబ్రరీ సంగతి చెప్పింది నువ్వేనా?"

శోభ దాచలేదు. "చెప్పిన. బావ పుస్తకం నాకు గావాలె అని పానం తీసిండు. గామె మెయిల్ల ఇస్తదట అడుగు అన్న. ఏమైంది?"

ఏమైందో చెప్పాడు. ఆమె స్టవ్ కట్టేసింది.

శుక్రవారం ఎల్లన్నకు సెలవు. ఆ రోజు ఫోన్ చేశాడు. ఎత్తీ ఎత్తగానే హుషారైన గొంతు వినిపించింది.

"చూసినవా బావా? పన్నెండు వేలు దాటిన్రు. మా క్యాంపుల అందరికి చూపిచ్చిన, మా బావ గీసిండని. ఒక్కొక్కలకు ఎన్నిసార్లు పంపాలె అని అందరికి దొరికే కాడ పెట్టిన. మస్తు ఖుషీ అయింది."

తిట్టడానికి ఇన్ని రోజులుగా కూడబెట్టుకున్న మాటలన్నీ జగదీశ్వర్ నోట్లోనే ఆగిపోయాయి. వీడు దొంగతనం చేశాననుకోవడం లేదు, బావను ఊరేగించాననుకుంటున్నాడు.

"ఎల్లా, నువ్వు వాపస్ ఇయ్యలే" అన్నాడు చివరికి.

"ఏంది బావా?"

"గామె రాస్తనే ఉన్నది. నీ బిళ్ళ ఇంక మేకుకే ఉన్నది." తర్వాత మిగతాది చెప్పాడు. రెండో భాగం ఆగిన సంగతి, సంతోషి సంగతి, ఫిర్యాదు సంగతి.

ఎల్లన్న తండ్రి కూడా గని కార్మికుడే. మేకుకు వేలాడే బిళ్ళ అంటే ఏమిటో వాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఈడ లైబ్రరీ గిట్ల ఏం లేదు బావా" అన్నాడు చాలా మెల్లగా. "పనైనంక గోడలు చూసుకుంట కూసునుడే. నీ బొమ్మలల్ల మన ఊరు కనవడ్డది. నేను గంత దూరం ఆలోచన చెయ్యలే. ఇప్పుడే తీసేస్త."

తీసేశాడు కూడా. కానీ అప్పటికే ఎవరెవరో దాన్ని ఎత్తుకుని వేరే చోట్ల పెట్టుకున్నారు. ఒక చోట తీసేస్తే మూడు చోట్ల వెలిసింది. ఇక దాన్ని వెనక్కి పిలిచే దారి లేదు.

ఆదివారం జగదీశ్వర్ ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాడు. దారి తేలికగానే ఉంది. ముద్ర గ్రంథాలయానిది, స్కాన్ చేయించింది తానేనని సంతోషే ఒప్పుకుంది. ఎల్లన్న పేరు ఎత్తనక్కర్లేదు. వకీలు సైట్లు తీయిస్తాడు, రెండో భాగం అచ్చుకు పోతుంది. గనుల పేర్లు రాసే అందమైన అక్షరాల్లో సంతోషి పేరు దాకా రాశాడు. శోభ వెనక నిలబడి చదివింది.

"మావోని పేరు రాయవా?" అంది.

"నీ తమ్ముడు గదా."

"నా తమ్ముడని గామెను ముంచుతవా?"

అంతే అంది. చీపురు తీసుకుని వాకిట్లోకి వెళ్ళిపోయింది. జగదీశ్వర్‌కు సిగ్గేసింది. తన కోపాన్ని తానెప్పుడూ న్యాయమైన కోపం అనుకునేవాడు. అది మనిషిని చూసి వంగే కోపమని ఇవాళే తెలిసింది. కాగితం చింపేసి ప్రచురణకర్తకు ఫోన్ చేశాడు. బయట పెట్టింది తన బామ్మర్దేనని, తెలిసి చేసింది కాదని, ఎవరి మీదా ఫిర్యాదు ఇవ్వనని చెప్పాడు. ఆయన మర్యాదగానే విని, మర్యాదగానే రెండో భాగం వేయలేనన్నాడు. "మీ ఇంటివాళ్ళే పుస్తకం కొనకపోతే ఊళ్ళోవాళ్ళు ఎందుకు కొంటారండీ?" అన్నాడు.

రెండు రోజులు అన్నం సయించలేదు. రేకు పెట్టె మూత తెరవడం, చూడడం, మూయడం. మూడో రోజు పదకొండు కాగితాలు బయటికి తీశాడు. అన్నీ గుంజలున్న బొమ్మలే. రాయమల్లు ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి, గుంజ ఎలా నిలబెడతారో అడిగి తెలుసుకుని, ఆ పదకొండూ మళ్ళీ గీశాడు. అచ్చుకు పోని బొమ్మలను దిద్దడం ఎందుకని శోభ అడగలేదు. నెల పట్టింది. తర్వాత అరవై నాలుగు కాగితాలనూ మందపాటి దారంతో కుట్టి, గుడ్డ అట్ట వేసి, గ్రంథాలయానికి పట్టుకుపోయాడు.

"ఇదేందన్నా?" అంది సంతోషి.

"రెండో భాగం. అచ్చు గాదు, నా చేతిదే. లోకంల ఇదొక్కటే ఉన్నది. ఈడ కూసొనే చదవాలె, ఇంటికి ఇయ్యొద్దు. ఫోన్లు నీ బల్ల మీద పెట్టి లోపలికి పోవాలె."

సంతోషి చేతులు తుడుచుకుని మెల్లగా పేజీలు తిప్పింది. ముద్ర చేతిలోకి తీసుకుని ఆగిపోయింది. "మనసొప్పుతలేదన్నా. బొమ్మ పాడైతది."

"ముప్పై ఏడో పేజీ" అన్నాడు జగదీశ్వర్. "వెయ్యి."

తన సిరా మీద ఊదారంగు పడుతుంటే గుండె కలుక్కుమంది. బాధ లేదని అబద్ధం చెప్పడం ఎందుకు? అచ్చయిన పుస్తకం మీద తన పేరు చూసుకోవాలని అతనికి ఇప్పటికీ ఉంది. ఆ మర్నాటి నుంచి షిఫ్టు దిగినవాళ్ళు దిగినట్టే వచ్చి వంతుకు కూర్చున్నారు. పోశం పైకొచ్చాడా అని బయట ఎవరైనా అడిగితే, చదివినవాళ్ళు "పొయ్యి చదువుకో" అనేవాళ్ళు. సంతోషి ఉద్యోగం ఉంది. గోడ మీద ఇరవై మూడో బిళ్ళ కూడా అలాగే ఉంది.

ఆ వార్త షార్జా దాకా పోయింది. "నాకొక్కనికి పంపు బావా. ఒట్టు, ఎవ్వలకి చూపియ్య" అన్నాడు ఎల్లన్న ఫోన్లో.

"పంపుడు లేదు. వచ్చి చదువు."

మే నెల ఎండలో ఎల్లన్న సెలవు మీద వచ్చాడు. రామగుండం స్టేషన్‌లో దిగినవాణ్ణి ఆటోలో ఇంటికి తీసుకెళ్తుంటే, గ్రంథాలయం ముందు ఆపించాడు. అక్క ఎదురుచూస్తోందన్నా వినలేదు. జగదీశ్వర్ సూట్‌కేసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కోపం పూర్తిగా పోలేదు. స్టేషన్ నుంచి ఇక్కడి దాకా వాడితో నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు.

ఎల్లన్న సంతోషి బల్ల ముందుకు వెళ్ళాడు.

"ఇరవై మూడు నంబరు నాదే అక్కా" అన్నాడు. "వాపస్ ఇద్దామంటే నా తాన ఏం లేదు."

సంతోషి వాడి మొహం చూసింది, గుమ్మంలో జగదీశ్వర్ మొహం చూసింది. లేచి గోడ దగ్గరికి వెళ్ళి, దుమ్ము పట్టిన బిళ్ళను తీసి, తుడిచి, వాడి చేతిలో పెట్టింది. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, మళ్ళీ ఆమెకే ఇచ్చాడు.

"గా రెండో భాగం ఇయ్యి అక్కా."

ఆమె బిళ్ళను మేకుకు తగిలించి బీరువా తెరిచింది. ఫోను సంగతి చెప్పేలోపే ఎల్లన్న తన ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. ప్యాంటు జేబులు రెండూ బయటికి లాగి చూపించాడు. తర్వాత, వాళ్ళ నాయన రోజూ గని దగ్గర నిలబడినట్టు, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు.

ఎవరూ నవ్వలేదు. కిటికీ పక్కన పేపరు చదువుతున్న రాయమల్లు లేచి వచ్చాడు. వాడి చొక్కా, నడుము, జేబులు తడిమి చూసి, సరేనన్నట్టు వీపు మీద తట్టాడు.

సంతోషి పుస్తకం వాడి చేతిలో పెట్టింది.

"ఇగ దిగు తమ్మీ" అంది.